మెర్సేదెస్ అనే పేరు గురించి: కారు కథ అన్నిటికంటే ఆఖరున వచ్చింది

ప్రశ్న ఇదీ: ఆఫీసులో అర్జెంటీనా టీమ్ నుంచి మెర్సేదెస్ అనే ఆవిడ కొత్తగా చేరారు. "కారు పేరు మనిషికి పెట్టడమేంటి" అని జోకులు నడుస్తున్నాయి. ఈ పేరుకి అసలు అర్థం ఉందా? మ్యాప్‌లో వెతికితే ఊళ్లకీ ఇదే పేరు ఎందుకు వస్తోంది? ఆవిడని ఏమని పిలిస్తే మర్యాదగా ఉంటుంది?

నేను ఏళ్ల తరబడి స్పానిష్ నేర్పుతున్నాను. మధ్యమధ్యలో ఆ భాషలోని సర్టిఫికెట్లు, ఒప్పందాలు అనువాదం చేస్తుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ పేరు దగ్గరే నవ్వుతారు కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను. చదవడానికి వీలుగా మనిషి పేరుని మెర్సేదెస్ అనీ, కారుని మనకి అలవాటైనట్టు మెర్సిడిస్ అనీ రాస్తున్నాను.

ముందు కారు సంగతి తేల్చేద్దాం. వ్యవహారం తిరగబడి ఉంది. మనిషి పేరే కారుకి పెట్టారు, అదీ పదకొండేళ్ల పిల్ల పేరు. ఎమిల్ యెలినెక్ అని ఆస్ట్రియా వ్యాపారి ఒకాయన ఫ్రాన్స్‌లోని నీస్ పట్నంలో ఉంటూ అక్కడి డబ్బున్నవాళ్లకి జర్మనీ డైమ్లర్ కంపెనీ కార్లు అమ్మేవాడు. 1889 సెప్టెంబరు 16న పుట్టిన కూతురికి మెర్సేదెస్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరంటే ఆయనకి వల్లమాలిన మోజు. నీస్‌లో ఇంటికి విల్లా మెర్సేదెస్ అని పెట్టాడు. 1899లో కారు పందేల్లో దిగినప్పుడు సొంత పేరు దాచి "మొస్యూ మెర్సేదెస్" అని రాయించుకున్నాడు. 1900లో ఇంకా వేగంగా పోయే కారు కావాలని డైమ్లర్ వాళ్ల వెంటపడి, 36 కార్లకి 5,50,000 గోల్డ్ మార్కుల ఆర్డరు ఇచ్చాడు. కొత్త ఇంజనుకి తన కూతురి పేరు పెట్టాలన్నది ఆయన షరతుల్లో ఒకటి. విల్‌హెల్మ్ మేబాక్ డిజైన్ చేసిన ఆ 35 హార్స్‌పవర్ కారు 1900 డిసెంబరులో చేతికొచ్చింది. 1901 మార్చిలో నీస్ పందేల్లో మిగతా కార్లకి దుమ్ము తప్ప ఏమీ మిగల్చలేదు. 1902లో ఆ పేరు ట్రేడ్‌మార్కు అయింది. మరుసటేడాది యెలినెక్ తన ఇంటిపేరునే యెలినెక్-మెర్సేదెస్ అని మార్చుకున్నాడు. తండ్రి పేరు పిల్లలకి రావడమే అంతటా చూస్తాం, ఇక్కడ కూతురి పేరు తండ్రికి వచ్చింది.

ఆ అమ్మాయికి మాత్రం ఆ కంపెనీలో వాటా లేదు, పెత్తనమూ లేదు. రెండు పెళ్లిళ్లు చేసుకుంది, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత డబ్బుకి ఇబ్బంది పడింది, 1929 ఫిబ్రవరిలో వియన్నాలో 39 ఏళ్లకే పోయింది. జర్మనీలోనే ఇంకో కార్ల కంపెనీ పెట్టిన కార్ల్ బెంజ్ కూడా అదే ఏడాది ఏప్రిల్‌లో పోయాడు. అంతకు మూడేళ్ల ముందు, 1926లో, డైమ్లర్, బెంజ్ కంపెనీలు రెండూ కలిసినప్పుడే ఈ ఇద్దరి పేర్ల మధ్యా గీత పడి మెర్సిడిస్-బెంజ్ అయింది. తెలుగువాళ్లం ఆ పిల్ల పేరుని పూర్తిగా వదిలేశాం. మనకది బెంజి కారు. విజయవాడ వెళ్తే బెంజ్ సర్కిల్ దగ్గర దిగుతాం. మెర్సిడిస్ సర్కిల్ అన్నవాణ్ని నేను చూడలేదు. అన్నట్టు, ఇదే పేరుతో జర్మనీలో టైప్‌రైటర్లూ లెక్కల యంత్రాలూ అమ్మిన వేరే కంపెనీ కూడా ఒకటి ఉండేది, దానికీ కారుకీ సంబంధం లేదు.

ఒక చిత్రం ఏమిటంటే, యెలినెక్ తండ్రి వియన్నాలో పేరున్న యూదు మతగురువు. ఆయన మనవరాలికి వచ్చింది మేరీ మాత బిరుదు. ఈ పేరు అసలు కథ అక్కడుంది.

స్పానిష్‌లో మెర్సెద్ అంటే దయ, ఉపకారం, అనుగ్రహం. దాని బహువచనం మెర్సేదెస్. అంటే మీ కొలీగ్ పేరు, మాటకి మాట తీసుకుంటే, "దయలు" లేదా "అనుగ్రహాలు". ఇది లాటిన్‌లోని మెర్సెస్ అనే మాట నుంచి వచ్చింది. లాటిన్‌లో దానికి దయతో సంబంధమే లేదు. కూలి, జీతం, ధర అని అర్థం. సరుకు అనే మాటకి చుట్టం. స్పానిష్‌లో బజారుని మెర్కాదో అంటారు చూడండి, ఆ మాటా ఇదే కుటుంబం. ఫ్రెంచివాళ్లు థాంక్స్ చెప్పే మెర్సీ కూడా దీని తోబుట్టువే. పనికి ఇచ్చే కూలి, చర్చి లాటిన్‌లోకి వచ్చేసరికి దేవుడు ఇచ్చే ప్రతిఫలం అయింది. దేవుడు ఇచ్చేదానికి మనం చేసిన పని సరిపోదు కాబట్టి అది మెల్లగా అనుగ్రహం అయింది.

ఈ మాట అర్థాలన్నిటిలోనూ ఒక సంగతి మాత్రం మారదు: పైనున్నవాడు కిందున్నవాడికి ఇచ్చేది. దాన్ని పట్టుకుంటే మిగతా వాడుకలన్నీ సులువుగా అర్థమవుతాయి.

రాజుల దగ్గర మొదలుపెడదాం. 14వ శతాబ్దంలో, ఇప్పటి స్పెయిన్‌లో భాగమైన కాస్తియా రాజ్యానికి రెండో ఎన్రికే అని ఒక రాజు వచ్చాడు. సవతి తమ్ముణ్ని చంపి గద్దె ఎక్కాడు. తనకి సాయం చేసిన ప్రభువులకి ఊళ్లూ భూములూ బిరుదులూ ఎడాపెడా పంచిపెట్టాడు. దాంతో చరిత్రలో ఆయనకి "ఎల్ దె లాస్ మెర్సేదెస్" అనే పేరు నిలిచిపోయింది. అంటే ఇనాముల రాజు. ఇక్కడ దయలు, కరుణలు అని అనువాదం చేస్తే అర్థం చెడుతుంది. మన పాత రికార్డుల్లో ఇనాం, మాన్యం అనే మాటలున్నాయే, సరిగ్గా వాటికి సరిపోయే మాట అది. తర్వాత అమెరికా ఖండంలో స్పెయిన్ పాలన వచ్చాక, రాజు పేరు మీద ఇచ్చిన భూములని "మెర్సెద్ దె తియెర్రా" అన్నారు. ఇప్పుడు అమెరికాలో భాగమైన న్యూ మెక్సికో రాష్ట్రంలో అలాంటి ఉమ్మడి భూములు నేటికీ ఉన్నాయి, అక్కడి స్పానిష్ కుటుంబాలు వాటిని ఇప్పటికీ మెర్సెద్ అనే అంటాయి. 1848లో ఆ ప్రాంతం మెక్సికో నుంచి అమెరికా చేతిలోకి పోయాక ఆ పట్టాల మీద తరాల తరబడి కోర్టు గొడవలు నడిచాయి. పాత దస్తావేజు అనువాదానికి వచ్చి, అందులో మెర్సేదెస్ అని కనిపిస్తే అది అమ్మాయి పేరా, భూమి పట్టానా అని ముందు చూసుకోవాలి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన వాడుక. స్పానిష్ నేర్చుకునేవాళ్లు మొదటి వారంలోనే "ఉస్తేద్" అనే మాట నేర్చుకుంటారు, అంటే మీరు. ఆ మాట కడుపులో ఈ మెర్సెద్ దాగి ఉంది. పూర్వం పెద్దవాళ్లని "వుయెస్త్రా మెర్సెద్" అని సంబోధించేవారు, "తమ దయ" అన్నట్టు. నోట్లో నలిగి అది వుయెసా మెర్సెద్ అయింది, వుస్తేద్ అయింది, చివరికి ఉస్తేద్ అయింది. ఉత్తరాల్లో ఇప్పటికీ దాన్ని వీ-డీ అని పొట్టిగా రాసేవాళ్లున్నారు. ఉస్తేద్‌లో లేని వీ అక్షరం అక్కడికి ఎలా వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. పోర్చుగీసులో ఇదే "వోసా మెర్సే" అరిగి అరిగి "వోసే" అయింది, బ్రెజిల్‌లో రోడ్డు మీద ప్రతివాడూ వాడే నువ్వు అదే.

నేర్చుకునేవాళ్లకి ఇక్కడే ఒక తికమక. ఉస్తేద్ అంటే మీరు, కానీ క్రియ మాత్రం "ఆయన వచ్చారు, ఆమె తిన్నారు" అనే మూడో వ్యక్తి రూపంలో ఉంటుంది. ఎందుకంటే మొదట్లో మాట్లాడింది ఎదుటివాడితో కాదు, ఎదుటివాడి "దయ"తో. తెలుగువాడికి ఇది చెప్పడం ఇంగ్లిష్‌వాడికి చెప్పినంత కష్టం కాదు. "తమరు" అనే మాట మనకుంది, "తాము" నుంచి వచ్చింది, అదీ ఎదుటి మనిషిని సూటిగా తాకని మాటే. పైగా ఇంటికొచ్చినవాళ్లని "దయచేయండి" అంటాం. లోపలికి రావడమే వాళ్లు మన మీద దయ చూపించడం అన్నమాట. క్లాసులో ఈ ఒక్క మాట చెబితే చాలు, ఉస్తేద్ గురించి ఇంకెవరూ అడగరు.

కొలంబియాలో, బొగోతా చుట్టుపక్కల, బొయాకా కొండ ప్రాంతంలో, పాత రూపం ఇంకా బతికే ఉంది. అక్కడ "సు మెర్సెద్" అంటారు, రెండూ కలిపేసి "సుమెర్సే" అని పలుకుతారు. పూర్వం దొరకి కూలివాడు చెప్పిన మాట, ఇప్పుడు ఇంట్లో ప్రేమగా వాడే మాట. అమ్మకి కొడుకు సుమెర్సే అంటాడు, కొడుక్కి అమ్మ కూడా అంటుంది. కూరగాయల బండి దగ్గర అమ్మేవాడు కొనేవాళ్లని అంటాడు.

ఇప్పుడు ఆడవాళ్ల పేరు దగ్గరికి వద్దాం. ఇది మధ్యధరా సముద్రంలో బందీల కథ. ఆ రోజుల్లో ఓడల మీద, తీరపు ఊళ్ల మీద దాడి చేసి మనుషులని ఎత్తుకుపోవడం, బానిసలుగా అమ్మడం రెండు వైపులా మామూలు వ్యవహారం. ముస్లిం రాజ్యాల చేతిలో చిక్కిన క్రైస్తవులని డబ్బు కట్టి విడిపించడానికి 1218లో బార్సిలోనాలో పెరె నొలాస్కో అనే ఆయన ఒక సన్యాసుల సంఘం పెట్టాడు. ఆయన వర్తకుడని సంప్రదాయం చెబుతుంది. మేరీ మాత కలలో కనిపించి ఈ పని చెయ్యమన్నదని వాళ్ల నమ్మకం. ఆ సంఘం పేరే మెర్సెద్. 1235లో పోపు తొమ్మిదో గ్రెగరీ దానికి ఆమోదం ఇచ్చాడు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు అన్ని సంఘాల్లోనూ ఉంటాయి. వీళ్లకి నాలుగోది కూడా ఉంది: డబ్బు చాలకపోతే, అవసరమైతే, బందీకి బదులు తామే అక్కడ ఉండిపోతామని. తెల్లని అంగీలు వేసుకుని ఊరూరా చందాలు పోగుచేసి, సముద్రం దాటి, బేరమాడి మనుషులని తెచ్చేవారు. మెర్సెద్ అనే మాటకి లాటిన్‌లో ధర అని అర్థం ఉండేదన్నాను కదా. ఒక మనిషికి రేటు కట్టి కొనుక్కొచ్చి వదిలెయ్యడంలో ఆ ధర, ఈ దయ రెండూ ఒకేచోట కలిశాయి.

ఆ సంఘం కొలిచే మేరీ మాతని "మరియా దె లాస్ మెర్సేదెస్" అంటారు. ఆ పేరే ఆడపిల్లలకి వచ్చింది. స్పెయిన్‌లో ఆడపిల్లల పేర్లు చాలా వరకు ఇలా మాత బిరుదుల నుంచి వచ్చినవే. దొలోరెస్ అంటే వేదనలు, సొలెదాద్ అంటే ఒంటరితనం, రెమెదియోస్ అంటే నివారణలు, నియెవెస్ అంటే మంచు, పిలార్ అంటే స్తంభం. విడిగా చూస్తే, కూతురికి వేదనలు అని ఎవరైనా పేరు పెడతారా అనిపిస్తుంది. ముందు "మరియా దె" అనేది మింగేశారని తెలిస్తే సరి. వ్యాకరణం చదివేవాళ్లకి ఇవి భలే చిక్కు తెస్తాయి. మెర్సేదెస్, దొలోరెస్ బహువచనాలు, కానీ మనిషి ఒక్కతే. కొన్సుయెలో, రొసారియో, సొకొర్రో చివర ఓ అక్షరంతో మగ పేర్లలా కనిపిస్తాయి, వాటిలో ఎక్కువమంది ఆడవాళ్లు. మనకి ఇది కొత్తేమీ కాదు. గుణదల లూర్దు మాత పుణ్యమా అని కోస్తాలో లూర్దమ్మలు, లూర్దు మేరీలు ఎంతమంది లేరు? ఫ్రాన్స్‌లో ఒక చిన్న ఊరి పేరు అది. స్పానిష్‌వాళ్లకీ లూర్దెస్ ఆడపిల్లల పేరే.

ఈ మాత పండుగ సెప్టెంబరు 24. బార్సిలోనాలో అది ఊరి పండుగ, కతలాన్ భాషలో లా మెర్సే అంటారు. 1687లో మిడతల దండు పంటలని తినేస్తుంటే ఊరి పెద్దలు ఈ మాతకి మొక్కుకుని ఆమెని నగర రక్షకురాలిగా ప్రకటించారు. ఇప్పుడు ఆ పండుగకి భుజాల మీద భుజాలు ఎక్కి కట్టే మనుషుల గోపురాలు చూడ్డానికి జనం విరగబడతారు. అడుగున బలమైనవాళ్లు గుంపుగా ఒకరినొకరు నొక్కి పట్టుకుంటారు, మీదకి వెళ్లేకొద్దీ మనుషులు సన్నబడతారు, చిట్టచివర హెల్మెట్ పెట్టుకున్న చిన్నపిల్ల కోతిలా పాకి పైకి చేరి ఒక్క క్షణం చెయ్యెత్తి చూపించి అవతలి వైపు నుంచి జారిపోతుంది. ఆ చెయ్యి ఎత్తితేనే గోపురం పూర్తయినట్టు లెక్క. రాత్రి వేళ దెయ్యాల వేషాల్లో నిప్పురవ్వలు చిమ్ముకుంటూ వీధుల్లో పరుగెత్తే కార్యక్రమం ఇంకొకటి. దానికి వెళ్లేవాళ్లు నూలు బట్టలు వేసుకోవాలి, సింథటిక్ అయితే చిల్లులు పడతాయి.

స్పెయిన్ జైళ్లలో కూడా సెప్టెంబరు 24 పండుగే. బందీలని విడిపించిన మాత కాబట్టి ఖైదీలకి ఆమే రక్షకురాలు. క్యూబాలో ఇంకో రూపం ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు తమ ఒబతలా అనే దేవతని ఈ మాత చాటున కొలుచుకున్నారు, ఇద్దరికీ తెలుపే రంగు. ఆ రోజు భక్తులు నిలువెల్లా తెల్లబట్టలు వేసుకుంటారు. డొమినికన్ రిపబ్లిక్‌లో అది జాతీయ సెలవు. ఆ దేశంలో మెర్సేదెస్ ఇంటిపేరు కూడా, అందుకని బేస్‌బాల్ ఆడే మగవాళ్ల జెర్సీల వెనక ఆ పేరు చూసి కారు కంపెనీ స్పాన్సర్ అనుకోవద్దు.

మీ కొలీగ్ అర్జెంటీనా ఆవిడ కాబట్టి అక్కడి సంగతి వేరుగా చెప్పాలి. స్పెయిన్ మీద స్వాతంత్ర్య పోరాటంలో 1812 సెప్టెంబరు 24న తుకుమాన్ దగ్గర యుద్ధం జరిగింది. మాన్యుయెల్ బెల్‌గ్రానో సైన్యం తనకంటే పెద్ద స్పెయిన్ సైన్యాన్ని ఓడించింది. గెలిచిన రోజు మెర్సేదెస్ మాత పండుగ. బెల్‌గ్రానో ఆ మాతని సైన్యానికి జనరల్‌గా ప్రకటించి, తన అధికార దండాన్ని విగ్రహం చేతిలో పెట్టాడు. కాబట్టి స్పెయిన్‌లో బందీల తల్లి, అర్జెంటీనా ఉత్తరాన సైన్యానికి జనరల్. ఆ దేశ విమోచకుడు సాన్ మార్తిన్‌కి ఒక్కతే కూతురు, ఆమె పేరూ మెర్సేదెస్సే. 1816లో మెందోసాలో పుట్టింది. తల్లి పోయాక తండ్రి తనతో యూరప్ తీసుకెళ్లాడు. ఆ పిల్ల ఎలా పెరగాలో ఆయన రాసిపెట్టుకున్న సూత్రాలు అక్కడి బడిపిల్లలకి తెలుసు. అబద్ధం ఆడకూడదు, పేదవాళ్ల పట్ల దయ, ఈగని కూడా హింసించకపోవడం, ఇలాంటివి.

పాట వినేవాళ్లకైతే మెర్సేదెస్ అంటే మెర్సేదెస్ సోసా. 1935 జూలై 9న అదే తుకుమాన్ నగరంలో పుట్టింది. జూలై 9 అర్జెంటీనా స్వాతంత్ర్య దినం, 1816లో ఆ ప్రకటన జరిగిందీ తుకుమాన్‌లోనే. కల్పించినా ఇంత బాగా కుదరదు. సైనిక ప్రభుత్వం రోజుల్లో కచేరీ మధ్యలోనే ఆమెని, వినడానికి వచ్చినవాళ్లని కూడా అరెస్టు చేశారు. దేశం వదిలి వెళ్లిపోయి 1982లో తిరిగొచ్చింది. 2009లో పోయింది. మీ కొలీగ్‌తో మాట కలపాలంటే కారు జోకు కంటే ఈవిడ పేరు ఎత్తడం నయం.

ఊళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే కారణం అన్నిచోట్లా ఒకటే: చర్చి, లేదా ఆ సన్యాసుల మఠం, లేదా ఊరు పుట్టిన రోజున పడిన ఈ మాత పండుగ. అర్జెంటీనాలోనే బ్యూనస్ ఐరిస్ రాష్ట్రంలో ఒక మెర్సేదెస్, కొర్రియెంతెస్ రాష్ట్రంలో ఒక మెర్సేదెస్, సాన్ లుయిస్‌లో వియ్యా మెర్సేదెస్ ఉన్నాయి. కొర్రియెంతెస్‌లోని ఊరి దగ్గర గౌచితో హిల్ అనే జానపద వీరుడి గుడి ఉంది. జనవరి 8న లక్షల్లో జనం ఎర్ర జెండాలతో వస్తారు, చర్చి గుర్తించిన సాధువు కాకపోయినా. ఉరుగ్వేలో సొరియానో జిల్లా ముఖ్యపట్టణం మెర్సేదెస్. మెక్సికో నగరంలో లా మెర్సెద్ పెద్ద మార్కెట్, మఠం పోయినా పేరు మిగిలింది. కాలిఫోర్నియాలో యోసెమిటీ లోయ గుండా పారే నది మెర్సెద్, 1806లో దాహంతో ఎండిన మైదానం దాటి వచ్చిన స్పెయిన్ సైనికులు నీళ్లు కనబడగానే పెట్టిన పేరు. అంత దూరం ఎందుకు, గోవాలో పణజి పక్కన మెర్సెస్ అనే ఊరుంది, పోర్చుగీసు రూపం అది.

రాజకుటుంబంలో ఈ పేరుకి కాస్త విషాదం అంటుకుంది. స్పెయిన్ రాజు పన్నెండో అల్ఫోన్సో 1878 జనవరిలో తన పిన్ని కూతురు మెర్సేదెస్‌ని ప్రేమించి, ఇంట్లోవాళ్లని ఎదిరించి పెళ్లి చేసుకున్నాడు. ఆరో నెల నిండకుండానే, 18వ పుట్టినరోజు అయిన రెండు రోజులకి ఆమె జ్వరంతో పోయింది. ఆ రాజు "ఎక్కడికి పోతున్నావు" అని ఆడపిల్లలు పాడుకునే పాట తరాల పాటు స్పెయిన్ వీధుల్లో వినిపించింది. నన్ను ఆపేది తర్వాతి సంగతి. రాజు రెండో పెళ్లి చేసుకున్నాడు, 1880లో మొదటి కూతురు పుట్టింది, ఆ పిల్లకి మళ్లీ మెర్సేదెస్ అనే పేరు పెట్టారు. ఆ రెండో భార్య మరియా క్రిస్తినా రోజుకి ఎన్నిసార్లు ఆ పేరు పెట్టి బిడ్డని పిలిచి ఉంటుందో.

ఓడ కథ ఒకటి చెప్పకుండా ముగించలేను. "నుయెస్త్రా సెన్యోరా దె లాస్ మెర్సేదెస్" అని స్పెయిన్ యుద్ధనౌక. దక్షిణ అమెరికా నుంచి వెండి నాణేలతో వస్తుంటే 1804 అక్టోబరు 5న పోర్చుగల్ తీరంలో బ్రిటిష్ నౌకలు అడ్డగించాయి. అప్పటికి రెండు దేశాల మధ్య యుద్ధం ప్రకటనే కాలేదు. కాల్పుల్లో మందుగుండు అంటుకుని ఓడ పేలిపోయింది, దాదాపు 250 మంది చనిపోయారు. దియెగో దె అల్వెయార్ అనే అధికారి పక్క ఓడలో పెద్దకొడుకుతో ఉండి, తన భార్య, మిగతా పిల్లలు ఉన్న ఓడ పేలడం కళ్లారా చూశాడు. ఆ పెద్దకొడుకు కార్లోస్ తర్వాత అర్జెంటీనా పాలకుల్లో ఒకడయ్యాడు. 2007లో అమెరికా నిధివేట కంపెనీ ఒకటి సముద్రం అడుగు నుంచి దాదాపు 17 టన్నుల నాణేలు తీసి విమానంలో పట్టుకుపోయింది. స్పెయిన్ అమెరికా కోర్టులో దావా వేసింది. ఆ నాణేలు అచ్చయింది మా లీమాలో అంటూ పెరూ కూడా హక్కు అడిగింది. చివరికి స్పెయిన్ గెలిచింది, 2012 ఫిబ్రవరిలో సైనిక విమానాల్లో అవి మాద్రిద్ చేరాయి. స్పెయిన్‌లోని కార్తహేనా మ్యూజియంలో చూడొచ్చు. వార్తల్లో మెర్సేదెస్ కేసు అని వస్తే అది ఈ ఓడ గురించే.

ఇక మీ ఆఫీసు విషయం. పలకడం: మెర్-సే-దెస్, నొక్కు మధ్య అక్షరం మీద. స్పెయిన్‌వాళ్లు సే ని నాలుక పళ్ల మధ్య పెట్టి థే అంటారు, అర్జెంటీనాలో మామూలు సే. ద మాత్రం మన ద, ఇంగ్లిష్ డ కాదు. ఇందులో తెలుగువాళ్లకి ఎలాగూ కష్టం లేదు. ముద్దుపేర్లు దేశాన్ని బట్టి మారతాయి. స్పెయిన్‌లో మెర్చె, మెక్సికోలో మెచె, అర్జెంటీనాలో ఎక్కువగా మెచి. ఆవిడే చెప్పేదాకా మెచి అనకండి, చెప్పాక మాత్రం అనకపోతే దూరం పెట్టినట్టు ఉంటుంది.

హెచ్‌ఆర్ వాళ్లకి ఒక మాట చెప్పండి. ఇలాంటి ఆవిడల పాస్‌పోర్ట్‌లో పేరు చాలాసార్లు "మరియా దె లాస్ మెర్సేదెస్" అని ఉంటుంది. మన సాఫ్ట్‌వేర్ దాన్ని నరికి, మరియా ఫస్ట్ నేమ్, దె లాస్ మిడిల్ నేమ్ అని వేసేస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఒక ఆఫర్ లెటర్‌లో "డియర్ మిస్ లాస్" అని ఉంది. లాస్ అంటే ఏమీ లేదు, ఇంగ్లిష్‌లో "ది" లాంటిది. ఆమె రోజూ వాడే పేరు మెర్సేదెస్, ఈమెయిల్ ఐడీ కూడా ఆ పేరుతోనే ఇవ్వాలి. మరియా అని పిలిస్తే చాలామంది వెనక్కి తిరిగి కూడా చూడరు, సగం మంది ఆడవాళ్లకి ఆ పేరు ముందు ఉంటుంది కాబట్టి.

మెయిల్‌లో అయితే "ఎస్తిమాదా మెర్సేదెస్" అని మొదలుపెట్టండి, అంటే గౌరవనీయులైన మెర్సేదెస్. వయసులో బాగా పెద్దావిడ అయితే పేరుకి ముందు దోన్యా చేర్చొచ్చు. ఇంటిపేరుకి కాదు, సొంత పేరుకే చేరుతుంది, మన గారు లాగానే. మాట్లాడేటప్పుడు మొదట ఉస్తేద్ వాడితే తప్పు లేదు. కానీ అర్జెంటీనా ఆవిడ రెండో నిమిషంలోనే మిమ్మల్ని "వోస్" అంటుంది, అంటే నువ్వు. కించపరచినట్టు అనుకోకండి, అక్కడ ఆఫీసులో బాసుని కూడా వోస్ అనే అంటారు. ఒకప్పుడు ఈ వోస్ పెద్దలని పిలిచే మర్యాద మాటే. వాడి వాడి చవకబడిపోతే దాని స్థానంలోకి వుయెస్త్రా మెర్సెద్ వచ్చింది. స్పెయిన్‌లో వోస్ మామూలు మాటల్లోంచి పోయింది, అర్జెంటీనాలో స్నేహితుల మధ్య ఉండిపోయింది. కాబట్టి ఆవిడ వోస్ అన్నాక మీరూ వోస్ అనేయండి.